కళ్ళజోడు ఎక్కడుందనుకుంటున్నారు?

(స్పెషల్ ఎడ్యుకేటర్లు, సైకాలజీ విద్యార్థుల కోసం హైదరాబాదులో ఏర్పాటైన ఒక సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. స్లైడ్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక చిన్న కథ చెప్పి, చివర్లో ఒక ప్రశ్న అడుగుతాను. ఎక్కువ ఆలోచించకుండా జవాబు చెప్పేయండి.

అమ్మమ్మగారు కళ్ళజోడు టేబుల్ మీద పెట్టి స్నానానికి వెళ్ళారు. ఆవిడ అటు వెళ్ళగానే మనవడు వచ్చి, ఆ కళ్ళజోడు తీసి ఫ్రిజ్ మీద పెట్టి ఆడుకోవడానికి పోయాడు. అమ్మమ్మగారు స్నానం చేసి బయటికి వచ్చారు. ఇప్పుడు చెప్పండి, కళ్ళజోడు ఎక్కడుందనుకుంటున్నారు?

(కొందరు "టేబుల్ మీద" అన్నారు. కొందరు "ఫ్రిజ్ మీద" అన్నారు. నవ్వులు.)

ఫ్రిజ్ అన్నవాళ్ళు చేతులెత్తండి. పర్వాలేదండీ, ఎత్తండి. మీరంతా ఫెయిల్. ఐదేళ్ళ పిల్లలు ఎక్కువమంది పాసయ్యే టెస్టు ఇది. (నవ్వులు) కానీ నిజానికి మీరు తప్పేం చెప్పలేదు. "మీరు ఏమనుకుంటున్నారు" అని అడిగినట్టు మీకు వినిపించింది. టేబుల్ అన్నవాళ్ళకి "ఆవిడ ఏమనుకుంటున్నారు" అని వినిపించింది. నేను మీరూ అనలేదు, ఆవిడా అనలేదు. తెలుగులో మీరు అన్నా, ఆవిడ అన్నా, వాళ్ళు అన్నా క్రియ చివర వచ్చేది అదే "ఆరు". కర్తని మింగేస్తే ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకుంటారు. అమ్మమ్మగారి బదులు "చింటూ" అని ఉంటే "అనుకుంటున్నాడు" వచ్చేది, ఈ గొడవే ఉండేది కాదు. గౌరవం ఇచ్చినందుకు మన టెస్టు పాడైపోయింది.

ఈ రోజు నేను చెప్పబోయేది స్పానిష్ మాట్లాడే పిల్లల గురించి. అయినా తెలుగు అమ్మమ్మగారితో ఎందుకు మొదలుపెట్టానంటే, అచ్చం ఇదే ప్రమాదం కొలంబియా రాజధాని బొగొతాలో జరుగుతుంది. అక్కడికి వస్తాను. నా గురించి ఒక్క మాట: నేను స్పానిష్ ఇక్కడే హైదరాబాదులో నేర్చుకున్నాను, తర్వాత సైకాలజీ వైపు వచ్చాను. కొన్నేళ్ళుగా కొలంబియా, మెక్సికోల్లో ఉన్న స్నేహితులతో కలిసి ఇలాంటి టెస్టుల్ని తిరగరాసే పనిలో చెయ్యి వేస్తున్నాను. ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లోనే, మనకి అర్ధరాత్రి, వాళ్ళకి మధ్యాహ్నం.

థియరీ ఆఫ్ మైండ్ అన్న మాట మీలో చాలామందికి తెలుసు. ఎదుటివాడికి వాడిదైన మనసు ఒకటుందని, అందులో ఉన్నది నా మనసులో ఉన్నదీ, బయట నిజంగా ఉన్నదీ ఒకటి కాకపోవచ్చని పట్టుకోగలగడం. ఈ పేరు మొదట పెట్టింది పిల్లల కోసం కాదు. 1978లో ప్రెమాక్, వుడ్రఫ్ అనే ఇద్దరు, చింపాంజీకి ఇలాంటిది ఉందా అని అడుగుతూ పెట్టారు. పిల్లల దగ్గరికి వచ్చింది 1983లో. విమ్మర్, పెర్నర్ ఆస్ట్రియాలో చేసిన ప్రయోగం అది. మాక్సి అనే అబ్బాయి చాక్లెట్‌ని నీలం అలమరాలో పెట్టి బయటికి వెళ్తాడు, వాళ్ళమ్మ దాన్ని ఆకుపచ్చ అలమరాలోకి మారుస్తుంది. మాక్సి తిరిగొచ్చాక ఎక్కడ వెతుకుతాడు? రెండేళ్ళ తర్వాత, 1985లో లండన్‌లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ దాన్ని బొమ్మలతో ఇంకా తేలిక చేశారు. శాలీ గోళీని బుట్టలో పెట్టి వెళ్తుంది, ఆన్ దాన్ని పెట్టెలోకి మారుస్తుంది. ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టె చూపించారు. మిగిలిన నలుగురూ బుట్టే చూపించారు, ఈ సంగతి మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఈ ఒక్క టెస్టుతో ఆటిజం ఉందనీ లేదనీ తేల్చకూడదని చెప్పడానికి ఆ నలుగురు చాలు.

ఇంకో సంగతి గమనించండి. మనమందరం ఇంగ్లీషు టెస్టు అనుకునే ఈ శాలీ-ఆన్ కథకి తల్లి జర్మన్ భాషలో ఉంది. అంటే స్పానిష్‌లోకి వచ్చేసరికి అది ఒక చేతినుంచి ఇంకో చేతికి మారి వచ్చిన సరుకు. సముద్రం దాటిన ప్రతిసారీ ఏదో ఒకటి ఒలికిపోతుంది.

సరే, బొగొతాకి వద్దాం. స్పానిష్‌లో "నువ్వు"కి తూ అనే మాట ఉంది, "మీరు"కి ఉస్తెద్ ఉంది. అర్జెంటీనాకి వెళ్తే తూ పోయి వోస్ వస్తుంది. స్పెయిన్‌లో పెద్దవాళ్ళు పిల్లల్ని తూ అనే పిలుస్తారు. కానీ కొలంబియా కొండ ప్రాంతాల్లో, కోస్టారికాలో చాలా ఇళ్ళల్లో తల్లి కూడా పిల్లవాణ్ణి ఉస్తెద్ అంటుంది. అందులో దూరం ఏమీ లేదు, ముద్దుగా అనేదే. మన దగ్గర కూడా కొన్ని ఇళ్ళల్లో చంటిపిల్లని "ఏమండీ, పాలు తాగారా" అంటారు కదా, కొంచెం అలాంటిది. చిక్కు ఎక్కడంటే, ఉస్తెద్‌కి వచ్చే క్రియ, ఆమె-అతడుకి వచ్చే క్రియ రెండూ ఒకటే. "దోందె క్రే కె ఎస్తా లా కనీకా" అని అడిగితే, "గోళీ ఎక్కడుందని ఆ అమ్మాయి అనుకుంటోంది" అనీ అర్థం, "గోళీ ఎక్కడుందని మీరు అనుకుంటున్నారు" అనీ అర్థం. ఉస్తెద్ వినడం అలవాటైన పిల్లవాడు ఏం చేస్తాడు? తనని అడిగారనుకుని, తనకి తెలిసిన నిజం చెప్తాడు. "పెట్టెలో." పరీక్ష చేసేవాళ్ళు సున్నా వేస్తారు.

స్పెయిన్‌లో తూ కాబట్టి అక్కడ ఈ బాధ లేదనుకుంటున్నారా? తూకి వచ్చే రూపం క్రేయెస్. ఆమెకి వచ్చేది క్రే. తేడా అంతా చివర ఉన్న ఆ "స్" మీదే ఆధారపడి ఉంది. దక్షిణ స్పెయిన్‌లో అందలుసియా ప్రాంతంలో, క్యూబా, ప్యూర్టోరికోల్లో మాట్లాడేటప్పుడు చివరి "స్" ఊదేసినట్టు పోతుంది. కాగితం మీద రెండూ వేరు, చెవికి ఒకటే. టెస్టేమో నోటితో అడిగేది.

దీనికి మందు చాలా చిన్నది. పేరు ప్రశ్న లోపల పెట్టాలి. మా స్పానిష్ కథలో శాలీ పేరు ఆనా. "గోళీ ఎక్కడుందని ఆనా అనుకుంటోంది?" అంతే. పేరు ముందుకు తెచ్చి "ఆనా, ఎక్కడుందని..." అన్నారనుకోండి, ఆనాని పిలుస్తున్నట్టు అయిపోతుంది, మళ్ళీ మొదటికొస్తాం. ఇంత చిన్న మందు కనిపెట్టడానికి మాకు రెండు పైలట్లు, అంటే ముందస్తు ప్రయత్నాలు, పట్టాయి. మొదటి పైలట్‌లో బోలెడుమంది పిల్లలు ఫెయిలయ్యారు. "ఈ ఊళ్ళో పిల్లలకి ఎదుగుదల ఆలస్యమా?" అని మీటింగులో ఒకరు అడిగేశారు కూడా. స్కూలు వంటగదిలో పనిచేసే ఒకావిడ పక్కనే నిలబడి వింటోంది. "మీరు వాణ్ణి అడుగుతున్నారా, బొమ్మ గురించి అడుగుతున్నారా?" అంది. మా అందరి డిగ్రీలూ ఒకవైపు, ఆవిడ ప్రశ్న ఒకవైపు.

మాటల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఇక్కడ సరదా ఎక్కువ. స్పెయిన్‌లో కొహేర్ అంటే తీసుకోవడం. బంతి తీసుకోవడానికీ బస్సు ఎక్కడానికీ అదే మాట, రోజుకి యాభైసార్లు వాడతారు. అదే మాట మెక్సికోలో, అర్జెంటీనాలో పిల్లల ముందు అనరు. అది బూతు. స్పెయిన్‌లో తయారైన స్క్రిప్టు పట్టుకుని మెక్సికోలో పదమూడేళ్ళ పిల్లల క్లాసుకి వెళ్ళి "ఆనా వచ్చి బంతిని..." అని చదివారనుకోండి, ఆ రోజుకి పని అయిపోయినట్టే. (నవ్వులు) గోళీకి కూడా ఒక్కో దేశంలో ఒక్కో పేరు. స్పెయిన్, మెక్సికోల్లో కనీకా, అర్జెంటీనాలో బొలీతా, వెనెజులాలో మెత్రా. అందుకే గోళీ వదిలేసి బంతి పెట్టుకున్నాం. పెలోతా అంటే అందరికీ బంతే.

మీలో టెస్టులు తర్జుమా చేసినవాళ్ళకి బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అలవాటే. ఒకరు ఇంగ్లీషు నుంచి స్పానిష్ చేస్తారు, అసలు చూడని ఇంకొకరు దాన్ని మళ్ళీ ఇంగ్లీషు చేస్తారు, రెండు ఇంగ్లీషులూ కలిస్తే పాస్. బ్రిస్లిన్ 1970లో దీన్ని ప్రచారంలోకి తెచ్చినప్పటినుంచి పరిశోధన పత్రాల్లో ఇదొక ముద్రలాగా అయిపోయింది. నా లెక్కలో ఇది తాళం వేశామని తృప్తిపడి కిటికీ తెరిచి పెట్టడం. కొహేర్‌ని వెనక్కి తిప్పితే "తీసుకోవడం" అనే వస్తుంది, బూతు కనిపించదు. క్రే అన్నదాన్ని వెనక్కి తిప్పితే, తిప్పేవాడికి కథ తెలుసు కాబట్టి "ఆమె అనుకుంటోంది" అనే రాస్తాడు, "మీరు" అన్న అర్థం వాడికి తట్టనే తట్టదు. ఇంటర్నేషనల్ టెస్ట్ కమిషన్ 2017లో రెండోసారి ఇచ్చిన మార్గదర్శకాలు 18 ఉన్నాయి. వాటి సారమంతా మాట మారిస్తే సరిపోదు, టెస్టు అక్కడ కూడా అదే కొలుస్తోందని రుజువు చూపించు అనే. వీటిని స్పానిష్‌లోకి తెచ్చినవాళ్ళలో అప్పట్లో ఒవియేదో విశ్వవిద్యాలయంలో ఉన్న హోసె మున్యిజ్ ముఖ్యుడు. స్పెయిన్, లాటిన్ అమెరికా సైకాలజిస్టులు టెస్టుల విషయంలో ఆయన మాట చాలా పట్టించుకుంటారు.

ఇప్పుడు "వెతకడం" చూద్దాం. శాలీ ఎక్కడ వెతుకుతుంది అన్నది అసలు ప్రశ్న. 1991లో సీగల్, బీటీ ఒక చిన్న పని చేశారు. "ముందుగా ఎక్కడ వెతుకుతుంది" అని ఒక్క మాట కలిపారు. మూడేళ్ళ పిల్లల స్కోర్లు బాగా పెరిగాయి. ఎందుకని? "ముందుగా" లేకపోతే చిన్నపిల్లవాడు "ఎక్కడ వెతికితే దొరుకుతుంది" అని అడిగారనుకుంటాడు, సాయం చేద్దామని పెట్టె చూపిస్తాడు. పాపం, మంచితనం వల్ల ఫెయిల్. స్పానిష్‌లో దీని మీద ఇంకో పొర ఉంది. పుస్తకంలో ఉండే భవిష్యత్ రూపం బుస్కారా. పిల్లలు అలా మాట్లాడరు, ఆ రూపం వింటే వాళ్ళకి బడి పుస్తకం గుర్తొస్తుంది. వాళ్ళ నోట వచ్చేది "వా ఆ బుస్కార్". సరే అదే పెడదామంటే, "ఇర్ ఆ బుస్కార్" అంటే వెళ్ళి తీసుకురావడం అని కూడా వాడుక. అమ్మ బడికి వెళ్ళి పిల్లని తీసుకురావడానికీ అదే. "ఆనా బంతిని ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది?" అని వినిపిస్తే జవాబు పెట్టె అవుతుంది మరి. అందుకే "ముందుగా" అన్న మాట ఇంగ్లీషులో కంటే స్పానిష్‌లో ఇంకా అవసరం.

డబ్బా టెస్టు గురించి రెండు ముక్కలు. స్మార్టీస్ గొట్టం చూపించి లోపల ఏముందంటే పిల్లవాడు మిఠాయిలంటాడు, తెరిస్తే పెన్సిళ్ళుంటాయి. ఇప్పుడు "ఇది చూడని నీ ఫ్రెండు ఏమంటాడు" అని అడుగుతారు. స్పెయిన్‌లో స్మార్టీస్ బదులు లకాసీతోస్ అనే వాళ్ళ సొంత మిఠాయి గొట్టం ఉంది, చూడగానే పిల్లలు గుర్తుపడతారు. ఒకచోట ఎవరో డేనిష్ బిస్కెట్ల నీలం రేకు డబ్బా తెచ్చారు. అయ్యో రామా! లాటిన్ అమెరికా అంతటా ఆ డబ్బా మీద జోకు ఉంది. తెరిస్తే బిస్కెట్లు ఉండవు, అమ్మమ్మ సూదులూ దారాలూ ఉంటాయి. మన ఇళ్ళల్లో హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉన్నట్టు. "ఇందులో ఏముంది?" అంటే పిల్ల "దారాలు" అంది. తెరిస్తే నిజంగానే మేం దారాలే పెట్టాం! (పెద్దగా నవ్వులు) ఆ పిల్లకి మాయేమీ కనిపించలేదు, మా మొహాలు చూస్తూ కూర్చుంది.

ఇంతవరకు చెప్పినవి తర్జుమాలో వచ్చే గుంటలు. దీనికంటే లోతైనది ఒకటుంది. భాష స్వయంగా పిల్లవాడికి చేయందిస్తుందా అన్నది. స్పానిష్‌లో క్రేయెర్ అంటే నమ్మడం, అనుకోవడం. దానికి "సె" చేర్చి క్రేయెర్సె అంటే, తప్పుగా అనుకోవడం అన్న వాసన వస్తుంది. "అలా అని నమ్మేసింది పాపం" అన్నట్టు. మరిలిన్ షాట్జ్ బృందం 2003లో నాలుగు భాషల పిల్లల్ని పోల్చింది. టర్కిష్‌లో, ప్యూర్టోరికో స్పానిష్‌లో తప్పుడు నమ్మకానికి ఇలా ప్రత్యేకమైన మాట ఉంది. ఇంగ్లీషులో, బ్రెజిల్ పోర్చుగీసులో లేదు. ఆ మాట ఉన్న భాషల పిల్లలు "ఏమనుకుంటోంది" అన్న ప్రశ్నకి మెరుగ్గా చెప్పారు. "ఎక్కడ వెతుకుతుంది" అన్న ప్రశ్నకి ఆ లాభం కనపడలేదు. అదే పరిశోధనలో ఇంటి ఆర్థిక స్థితి ప్రభావం కూడా బయటపడింది. కాబట్టి తర్జుమా చేసేవాడు పెన్సార్ (ఆలోచించడం) రాశాడా, క్రేయెర్ రాశాడా, క్రేయెర్సె రాశాడా అన్నది సాహిత్యాభిరుచి వ్యవహారం కాదు. క్రేయెర్సె పెడితే ప్రశ్నలోనే సగం జవాబు ఇచ్చేసినట్టు. నేనైతే మామూలు క్రేయెర్ వైపే. ఇద్దరు కొలంబియా స్నేహితులు ఈ విషయంలో ఇప్పటికీ నాతో ఒప్పుకోరు.

స్పానిష్ మాట్లాడే దేశాల్లో పిల్లలందరికీ ఇంటి భాష స్పానిష్ కాదు, ఇది మర్చిపోకూడదు. మెక్సికోలో ప్రభుత్వం లెక్కలోనే 68 స్థానిక భాషా సమూహాలున్నాయి. పెరూలో హునీన్ ప్రాంతపు కెచువా పిల్లల మీద పెనెలొపీ విండెన్ 1996లో పని చేసింది. ఆ కెచువాలో "అనుకోవడం"కి విడిగా మాట లేకపోవడంతో "ఏమంటాడు" అనే అడగాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ళ వరకు ఉన్న ఆ పిల్లలు తప్పుడు నమ్మకం ప్రశ్నల్లో తడబడ్డారు. ఇది చదివి "వాళ్ళ భాషలో మనసు లేదు" అని పరుగెత్తేవాళ్ళు ఉంటారు. ఆగండి. మన "అనుకోవడం" ఎక్కడినుంచి వచ్చింది? అను, కొను. తనకి తాను చెప్పుకోవడం. మనం కూడా ఆలోచనని మాటతోనే చెప్తున్నాం. దాని పక్కన "కొను" పెట్టుకున్నాం కాబట్టి బయటి మాట, లోపలి మాట విడిపోయాయి, అంతే. పైగా 2005లో కాలహన్ బృందం కెనడా, భారత్, పెరూ, సమోవా, థాయ్‌లాండ్‌లలో పరీక్షించినప్పుడు, మాటలు బాగా తగ్గించి, ఆటలాగా పెట్టినప్పుడు, ఐదేళ్ళ పిల్లల్లో ఎక్కువమంది ఐదు చోట్లా పాసయ్యారు. ఇంకో మాట. చాలా ఊళ్ళల్లో పెద్దవాళ్ళు తమకి తెలిసిన సంగతిని పిల్లల్ని అడగరు. "ఎక్కడ పెట్టిందో నువ్వూ చూశావు కదా, నన్నెందుకు అడుగుతున్నావు?" అన్న చూపు నేను వీడియోల్లో ఎన్నిసార్లు చూశానో.

నికరాగ్వా గురించి చెప్పకుండా ఉండలేను, స్పానిష్ టెస్టుకి నేరుగా సంబంధం లేకపోయినా. 1970ల చివరినుంచి మనాగ్వాలో బధిర పిల్లల్ని ఒక బడిలో చేర్చారు. ఎవరూ నేర్పకుండానే వాళ్ళ మధ్య ఒక సైగల భాష పుట్టింది. మొదటి తరం వాళ్ళ సైగల్లో "అనుకోవడం", "తెలియడం" లాంటివి తక్కువ, తర్వాత వచ్చిన చిన్నవాళ్ళ సైగల్లో ఎక్కువ. జెన్నీ పయర్స్, ఆన్ సెంఘాస్ వీళ్ళకి మాటలు పెద్దగా అవసరం లేని బొమ్మల టెస్టు పెట్టారు. వయసులో పెద్దవాళ్ళు తడబడ్డారు, చిన్నవాళ్ళు నెగ్గారు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళేసరికి ఆ పెద్దవాళ్ళు ఈ సైగలు నేర్చుకున్నారు, టెస్టులోనూ మెరుగయ్యారు. 2009లో అచ్చయింది. ఉద్యోగాలు చేసుకుంటున్న పెద్దమనుషులు వాళ్ళు! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొంచెం పెద్ద పిల్లల దగ్గరికి వద్దాం. పదేళ్ళు దాటినవాడికి శాలీ కథ చెప్తే "ఇంత ఈజీనా" అంటాడు. అందుకని ఫ్రాన్సెస్కా హాపే అనే పరిశోధకురాలు 1994లో వింత కథలు రాసింది. తెల్ల అబద్ధం, వెటకారం, ఎత్తుకి పైఎత్తు, ఇలా. వీటిని స్పానిష్‌లోకి తేవడం ఒక నరకం, ఒక పండగ. ఒక కథలో హెలెన్ అనే అమ్మాయి క్రిస్మస్‌కి కుందేలు కావాలని ఏడాదంతా ఎదురుచూస్తుంది. అమ్మానాన్న ఎన్‌సైక్లోపీడియాల పెట్టె ఇస్తారు. "నాకు ఇదే కావాలనిపించింది, థాంక్యూ" అంటుంది. ఎందుకలా అంది? వాళ్ళు బాధపడకూడదని. బాగుంది. కానీ స్పెయిన్‌లో పిల్లలకి ముఖ్యమైన బహుమతులు వచ్చేది జనవరి 6న. తెచ్చేది ముగ్గురు రాజులు, ఒంటెల మీద వచ్చి. కొలంబియాలో డిసెంబర్ 24 రాత్రి బాల యేసు తెస్తాడు. అమ్మానాన్న కొన్నారని నమ్మని పిల్ల వాళ్ళు నొచ్చుకుంటారని ఎందుకు అబద్ధమాడుతుంది? కథ ఇరుసే విరిగిపోయింది. మేం దాన్ని పుట్టినరోజుగా మార్చాం, ఇచ్చింది అత్త. ఎన్‌సైక్లోపీడియా బదులు స్వెటర్.

ఇంకో కథలో దగ్గుతున్న పిల్లతో "నీ గొంతులో కప్ప ఉన్నట్టుంది" అంటారు. ఇంగ్లీషు వాడుక. స్పానిష్‌లో అలా అనరు, నిజంగా కప్ప మింగిందనుకుంటారు. దగ్గరగా ఉన్నది వెతికితే, మాట్లాడని పిల్లని "నీ నాలుక పిల్లి తినేసిందా" అనడం దొరికింది. హమ్మయ్య అనుకున్నాం. అది స్పెయిన్. అర్జెంటీనావాళ్ళు నాలుక తిన్నది ఎలుకలంటారు. చివరికి రెండు దేశాలకి రెండు వాక్యాలు. హాపే కథల్లోనే ఎర్ర సైన్యం, నీలం సైన్యం కథ ఒకటుంది, టాంకులు ఎక్కడున్నాయని ఖైదీని అడిగేది. రంగులే కదా అనుకున్నాను. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఎర్రవాళ్ళంటే ఒక పక్షం, నీలం చొక్కాలు ఇంకో పక్షం. కొలంబియాలో లిబరల్ పార్టీ ఎరుపు, కన్సర్వేటివ్ పార్టీ నీలం, వాళ్ళ మధ్య ఒకప్పుడు ఊళ్ళకి ఊళ్ళు రక్తం పారింది. ఈ కాలం పిల్లలకి అది తెలియకపోవచ్చు, అయినా ఆకుపచ్చ, పసుపు చేస్తే పోయేదేముంది?

ఫో పా టెస్టు అని ఉంది. నోరు జారడం. స్పానిష్‌లో దీనికి అందమైన మాట, "మెతేర్ లా పాతా", పంజా లోపల పెట్టేయడం. బొత్తిగా చిన్నవాళ్ళు కూడా అంటారు. కథలో ఒకావిడ కొత్తింట్లో కొత్త కర్టెన్లు వేసుకుంటుంది. స్నేహితురాలు వచ్చి "ఈ కర్టెన్లు దరిద్రంగా ఉన్నాయి, కొత్తవి కొంటావు కదా" అంటుంది. అనకూడని మాట ఎవరైనా అన్నారా అని ప్రశ్న. ఇక్కడ రెండు దెబ్బలు. ఒకటి, "అనకూడని మాట" అంటే పిల్లలకి బూతు. ఎవరూ బూతు అనలేదు కాబట్టి "లేదు" అంటారు. రెండోది నాకు ఎక్కువ ఇష్టం. స్పానిష్‌లో కొన్ఫియాన్సా అనే మాట ఉంది. నమ్మకం అని నిఘంటువు చెప్తుంది, కానీ ఇక్కడ సరైన తెలుగు చనువు. చనువున్నచోట ఏదైనా అనొచ్చు. "లా కొన్ఫియాన్సా దా ఆస్కో" అని సామెత కూడా ఉంది, చనువు ఎక్కువైతే రోత పుడుతుందని. పన్నెండేళ్ళ అమ్మాయి "ఫ్రెండ్సే కదా, చనువుంది, అంటుంది" అంటే దానికి మనసులు చదవడం రాదని రాస్తామా? దానికి మనకంటే ఒక మెట్టు ఎక్కువ తెలుసు. వచ్చినావిడని పక్కింటికి కొత్తగా వచ్చిన ఆంటీగా మార్చాక ప్రశ్న దారికొచ్చింది.

కళ్ళ ఫొటోల టెస్టు, పిల్లలకి 28 ఫొటోలది, దాని గురించి త్వరగా చెప్పి దాటేస్తాను, నాకు దాని మీద పెద్ద ప్రేమ లేదు. కళ్ళు మాత్రమే కనిపించే ఫొటో, పక్కన నాలుగు విశేషణాలు, సరిపోయేది ఎంచుకోవాలి. స్పానిష్‌లో విశేషణానికి లింగం ఉంటుంది కాబట్టి ప్రతి ఫొటోకీ సరిచూసుకోవాలి. ముఖాలు బ్రిటిష్ పత్రికలవి. అదంతా సర్దినా, చాలాచోట్ల అది మనసు చదవడం కంటే మాటల సంపదనే కొలుస్తుందని నా అనుమానం.

టీనేజీ పిల్లలకి పాస్, ఫెయిల్ అనే టెస్టులు పనికిరావు. అందరూ పాసైపోతారు. 2010లో లండన్‌లో డుమోంతెయ్, ఆప్పర్లీ, బ్లేక్‌మోర్ ఒక అరల బీరువా ఆటతో చూపించారు, ఎదుటివాడికి కనిపించని వస్తువుల్ని లెక్కలోంచి తీసేయడంలో టీనేజీ పిల్లలు పెద్దవాళ్ళకంటే ఎక్కువ పొరపాట్లు చేస్తారని. విషయం తెలుసు, ఆ క్షణంలో వాడరు. ఇంట్లో టీనేజీ పిల్లలున్నవాళ్ళకి ఈ పరిశోధన అక్కర్లేదు. (నవ్వులు) స్పానిష్‌లో ఈ ఆటకి సూచనలు తూ, వోస్ చూసుకుని రాయాలి, "చిన్న బంతి", "పై అర" లాంటివి ఆ దేశపు వాడుకలో ఉండాలి. స్కోర్ల పట్టిక కూడా ఒక దేశానిది ఇంకో దేశానికి పెట్టకూడదు. మాద్రిద్ పిల్లల సగటుతో గ్వాతెమాలా పిల్లవాణ్ణి కొలిస్తే వాడు ఎప్పుడూ వెనకే ఉంటాడు.

ఏదైనా ప్రశ్న ఉంటే అడగండి, టీకి ఇంకో ఐదు నిమిషాలుంది.

("మేడమ్, పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు అది నిజంగా తప్పో, మన ప్రశ్న తప్పో అప్పటికప్పుడు ఎలా తెలుస్తుంది?" అని సభలో ఒకరు అడిగారు.)

"ఎందుకు" అని అడగాలండీ. స్కోరు వేసేశాక అయినా సరే, అడగాలి. మెక్సికోలో మా మొదటి కూర్పులో, కథ దగ్గరగా ఉంటుందని అందులోని ఇద్దరమ్మాయిల్నీ అక్కచెల్లెళ్ళని చేశాం. ఏడేళ్ళ పాప ఒకతి పెట్టె చూపించింది. నేను స్క్రీన్‌లో చూస్తున్నాను. పరీక్ష చేస్తున్న అమ్మాయి కాగితం మీద సున్నా రాసి, ఎందుకో ఆగి, "ఎందుకలా అన్నావు?" అంది. పాప వింతగా చూసి చెప్పింది: "బంతి మార్చింది ఆనా వాళ్ళ చెల్లెలు కదా. చెల్లెళ్ళు ఎప్పుడూ వస్తువులు దాచేస్తారు. ఆనాకి ఆ సంగతి తెలుసు, అందుకే సరాసరి పెట్టె దగ్గరికే వెళ్తుంది."

తర్వాతి కూర్పులో ఇద్దరినీ ఆ రోజే కలుసుకున్న పిల్లల్ని చేశాం. ఆ పాప స్కోరు మాత్రం సున్నాగానే ఉండిపోయింది, ఫారంలో దానికి వేరే గడి లేదు.